మేలుల పద్దు

మా అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరిన ఏడాది నా పుట్టినరోజుకి ఒక నోటుపుస్తకం కొనిచ్చింది. గట్టి అట్ట, లోపల గులాబీ రంగు గీతలు. ప్రతి పేజీలోనూ పైన "ఈరోజు నేను కృతజ్ఞురాలిని" అన్న అర్థం వచ్చే వాక్యం ఇంగ్లీషులో అచ్చువేసి ఉంది, కింద మూడు ఖాళీ గీతలు. "గ్రాటిట్యూడ్ జర్నల్ అమ్మా, రోజూ మూడు మంచి విషయాలు రాసుకో, టెన్షన్ తగ్గుతుంది" అంది. అప్పటికి మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి నాలుగు నెలలు. నా టెన్షన్ ఇంట్లో అందరికీ కనిపిస్తోందన్న మాట. దాన్ని పంచుకోవడానికి బదులు తగ్గించుకోవడానికి పుస్తకం వచ్చింది. ఈ మాట అప్పుడు తోచలేదు లెండి. అప్పుడు నిజంగానే సంతోషపడ్డాను.

మేముండేది గౌలిపురా వైపు, లాల్‌దర్వాజా అమ్మవారి గుడికి నడిచి వెళ్ళేంత దూరం. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ ఇదే గల్లీ, ఇదే ఇల్లు. రాత్రి అందరూ పడుకున్నాక వంటింటి గట్టు తుడిచి, ఆ పుస్తకం తీసి రాసేదాన్ని. మొదటి వారం చాలా బాగుంది. నల్లా నీళ్ళు టైముకి వచ్చాయి. పిల్లవాడు అడగకుండానే పాల ప్యాకెట్ తెచ్చాడు. అత్తమ్మ రెండు ముద్దలు ఎక్కువ తింది. ఇలాంటివి రాస్తుంటే రోజంతా నేను గమనించకుండా వదిలేసిన వాటిని వెనక్కి వెళ్ళి ఏరుకుంటున్నట్టు ఉండేది.

మూడో వారం వచ్చేసరికి చేయి తనంతట తానే రాసేస్తోంది. ఆరోగ్యం, కుటుంబం, తిండి. మర్నాడు తిండి, కుటుంబం, ఆరోగ్యం.

మన భాషలో దీనికి ఎంత సరైన మాట ఉందో చూడండి. మొక్కుబడి అంటే దేవుడికి మొక్కుకున్నది, గండం గడిస్తే తీర్చవలసినది. అదే మాటకి "గా" చేర్చి మొక్కుబడిగా అన్నామంటే మనసు పెట్టకుండా, చేయాలి కాబట్టి చేసేది. ఒక్క అక్షరం తేడాతో ప్రాణమున్న పని పీనుగైపోయింది. మన ముందుతరాల వాళ్ళు ఈ జబ్బుని ఎప్పుడో పట్టుకుని మాటలోనే దాచిపెట్టారు.

ఈ పుస్తకాల పద్ధతి ఎక్కడిదని కొంచెం చదివాను. అమెరికాలో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనతో దీనికి పేరొచ్చింది. వాళ్ళు కాలేజీ విద్యార్థులను మూడు గుంపులు చేసి, పది వారాలపాటు వారానికోసారి రాయించారు. ఒక గుంపు తాము కృతజ్ఞతగా ఉన్న విషయాలు, ఒక గుంపు చిరాకు పెట్టినవి, ఒక గుంపు మామూలుగా జరిగినవి. మేలులు రాసుకున్నవాళ్ళు తమ జీవితం గురించి మిగతావాళ్ళకన్నా కాస్త తృప్తిగా, రాబోయే వారం గురించి కాస్త ఆశగా ఉన్నారట. 2005లో సోన్యా లుబోమిర్‌స్కీ అనే ఆవిడ, ఆవిడతోటివాళ్ళు ఇంకో సంగతి రాశారు. ఆరు వారాలపాటు వారానికి ఒకసారి రాసినవాళ్ళకే మేలు కనిపించింది, మూడుసార్లు రాసినవాళ్ళకు కనిపించలేదని. అదిగో మొక్కుబడి! మరి నా పుస్తకంలో 365 పేజీలు ఎందుకు వేశారో ఆ అచ్చువేసినవాళ్ళే చెప్పాలి.

అయితే నాకు అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి వచ్చింది. ఒక రాత్రి అత్తమ్మకి రెండుసార్లు బట్టలు మార్చి, పక్క మార్చి, మూడున్నరకి కూర్చుని రాశాను, "నాకు సేవచేసే శక్తి ఉన్నందుకు కృతజ్ఞతలు" అని. రాసి పేజీ చూస్తే ఒళ్ళు మండింది. నాకు మా మరుదులు ఇద్దరున్నారు. ఒకరు కొత్తపేటలో, ఒకరు మలక్‌పేటలో. ఇద్దరూ పండక్కి వచ్చి "వదిన ఉండబట్టి అమ్మ బతికింది" అని చేతులు జోడించి వెళ్తున్నారు. వాళ్ళు నోటితో, నేను పుస్తకంలో, అందరం ధన్యవాదాలు చెప్పుకుంటున్నాం. పక్క మాత్రం నేనొక్కదాన్నే మారుస్తున్నాను. ఉన్నదాంతో తృప్తిపడు అని ఆడపిల్లకి చిన్నప్పటినుంచీ చెప్పే మాటకి గులాబీ గీతలు కొట్టి ఇచ్చినట్టు అనిపించింది. పుస్తకం మూసేశాను.

అది మళ్ళీ తెరవడానికి కారణం ఇంకో పుస్తకం. పింఛను కాగితాల కోసం వెతుకుతూ సజ్జ మీదనుంచి అత్తమ్మ రేకుపెట్టె దింపాం. అందులో ఆమె పద్దుల పుస్తకాలు పదిహేను పదహారు ఉన్నాయి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకి మా గల్లీలో మోకాలి లోతు నీళ్ళు నిలిచి కింద ఉన్న బియ్యం బస్తాలు, బీరువా అడుగు అర అన్నీ పాడయ్యాయి. సజ్జ మీద ఉన్నాయి కాబట్టి ఇవి దక్కాయి. ఆ రాత్రి చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా వైపు పడ్డ కష్టం ముందు మాది కష్టమే కాదు. పల్లెచెరువు కట్ట తెగి అలీనగర్, అల్ జుబైల్ కాలనీల్లో మనుషులే కొట్టుకుపోయారు.

నీళ్ళ సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగి, ఈ ఊరు తన మేలులు ఎట్లా గుర్తుపెట్టుకుందో చెప్పాలి. చూడండి, మనకు థాంక్స్ అనే దానికి ఇంటి మాటంటూ లేదు. ధన్యవాదాలు అంటే సభలో మాట. కృతజ్ఞతలు అంటే ఉత్తరం చివర మాట. నిజంగా ప్రాణం మీదికి వచ్చి గట్టెక్కినప్పుడు మనం ఏమంటాం? మీ రుణం తీర్చుకోలేను అంటాం. మీ మేలు మర్చిపోను అంటాం. పెద్దవాళ్ళయితే "సల్లగుండు బిడ్డా" అని దీవించేస్తారు. దేవుడితోనూ అంతే, మొక్కు చెల్లిస్తాం, మొక్కు తీర్చుకుంటాం. అన్నీ అప్పు మాటలే! మేలు అంటే ఒక బాకీ, దాన్ని ఏదో రూపంలో తిరిగి ఇవ్వాలి. మనసులో అనుకుని ఊరుకుంటే చెల్లదు.

బోనాలే తీసుకోండి. 1813లో సికింద్రాబాద్, హైదరాబాదుల్లో కలరా ప్రబలింది. ఆ రోజుల్లో ఉజ్జయినిలో సైన్యంతోపాటు ఉన్న సూరిటి అప్పయ్య అనే డోలీ మోసే ఆయన, ఊళ్ళో జబ్బు తగ్గితే నీకు గుడి కడతానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడట. తిరిగి వచ్చి 1815లో సికింద్రాబాదులో కర్రవిగ్రహం పెట్టాడని తరతరాలుగా చెప్పుకుంటారు. ఏటా ఆషాఢంలో గోల్కొండలో మొదలై, సికింద్రాబాదు మీదుగా, చివరికి మా లాల్‌దర్వాజాకి బోనం వస్తుంది. బోనం అంటే భోజనమే. కొత్త కుండలో అన్నం, పాలు, బెల్లం. కుండకి పసుపు కుంకుమ, వేపమండలు, పైన దీపం. గండం గడిచింది కాబట్టి ఆడవాళ్ళు తమ చేతివంట నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్ళి ఇచ్చి రావడం. నన్నడిగితే ఏడాదికోసారి రాసే పేజీ అది. మూడు గీతల్లో రాయరు, తలమీద మోస్తారు. కొత్త కోడలిగా మొదటిసారి ఎత్తుకున్నప్పుడు మెడ పట్టేసి రెండు రోజులు తిప్పలేకపోయాను. "మొక్కు బరువుంటదమ్మా" అని అత్తమ్మ నవ్వింది.

డబీర్‌పురాలో బీబీ కా అలావాకి మొహర్రంలో ధట్టీ కట్టి వచ్చేవాళ్ళదీ ఇదే లెక్క. మన్నత్ అంటారు వాళ్ళు, మొక్కు అంటాం మనం. చార్మినార్ కూడా ప్లేగు తగ్గినందుకు కట్టించిన మొక్కే అని చిన్నప్పుడు మాకు బళ్ళో చెప్పారు. 1591లో, హిజ్రీ వెయ్యో ఏడు వచ్చిన సందర్భంగా, కొత్త నగరానికి గుర్తుగా కట్టారనే చరిత్రకారులు ఎక్కువమంది. ఏది నిజమైనా, జనం మాత్రం ప్లేగు కథనే పట్టుకుని వదల్లేదు చూడండి. ఊరు నిలబడిందంటే ఎవరికో బాకీ పడే ఉంటాం అన్న నమ్మకం అది.

ఇక 1908 సెప్టెంబరు 28, సోమవారం. మా గల్లీలో ముసలివాళ్ళు నిన్నమొన్నటిదాకా "తుగ్యానీ" అంటే అదొక్కటే అన్నట్టు మాట్లాడేవాళ్ళు. ఎగువన కుంభవృష్టి కురిసింది. ఒకదాని తర్వాత ఒకటిగా చెరువుల కట్టలు తెగి, ఆ నీళ్ళన్నీ మూసీలో పడ్డాయి. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన మీదినుంచి నీళ్ళు పారాయి. 1578లో కట్టిన పురానాపూల్ తట్టుకుని నిలబడింది. ఒడ్డున ఉన్న వేల ఇళ్ళు కూలిపోయాయి. చనిపోయినవాళ్ళు పదిహేను వేలమంది వరకు ఉంటారని అంచనా.

అప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒడ్డున ఒక చింతచెట్టు ఉంది. నీళ్ళు పెరుగుతుంటే దాని కొమ్మలకి ఎక్కి సుమారు నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఏటా సెప్టెంబరు 28న కొందరు దాని కింద చేరి ఆ రోజుని తలుచుకుంటారు. అత్తమ్మని ఆసుపత్రుల చుట్టూ తిప్పిన రోజుల్లో ఆ చెట్టుని చూడాలనే ఒకసారి అటు వెళ్ళాను. కింద మందుచీటీలు పట్టుకుని, సంచుల్లో ప్లాస్కులు, దుప్పట్లతో రోగుల తాలూకు జనం. ఎక్కువమంది ఆడవాళ్ళే. ఒకామె చెట్టు మొదలుకి ఆనుకుని నిద్రపోతోంది. చెట్టుకి అది అలవాటే అనుకున్నాను.

ఆ కొమ్మల మీద రాత్రంతా ఉన్నవాళ్ళ గురించి ఎప్పుడూ ఒక ఆలోచన వస్తుంది నాకు. బతికాం అన్న సంతోషం ఒకవైపు. కిందినుంచి కొట్టుకుపోతున్నవాళ్ళ కేకలు ఇంకోవైపు. ఆ గంటల్లో వాళ్ళని మూడు మంచి విషయాలు రాయమంటే ఏం రాస్తారు?

దీనికి జవాబు లాంటిది ఒకటుంది. అమ్జద్ హైదరాబాదీ అని ఉర్దూ కవి, రుబాయీలకి పెట్టింది పేరు. ఆ వరదలో ఆయన కళ్ళముందే తల్లి, భార్య, కూతురు పోయారు. ఆయనొక్కడే మిగిలాడు. దాని మీద ఆయన రాసిన కవితకి చిన్న ప్రళయం అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు, ఖయామతే సుగ్రా అని. తర్వాత యాభై ఏళ్ళకు పైగా బతికి 1961లో పోయాడు. అన్నేళ్ళూ ఆయన రాసినవాటిలో దేవుడిమీద నమ్మకం, ఉన్నదాన్ని నిమ్మళంగా స్వీకరించడం కనిపిస్తాయని ఉర్దూ చదివినవాళ్ళు చెబుతారు. నాకు ముఖ్యమనిపించేది ఏమిటంటే, ఆయన ఆ స్థితికి రావడానికి ముందు పోయినవాళ్ళ గురించి రాశాడు. ప్రళయాన్ని ప్రళయమనే అన్నాడు. "నేను బతికున్నందుకు" అని మొదలుపెట్టలేదు.

వరద తగ్గాక ఊరు ఏం చేసిందన్నది ఇంకో కథ. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా మంత్రి మహారాజా కిషన్ పర్షాద్ సలహామీద మూసీ ఒడ్డుకి వచ్చి పట్టుచీర, పసుపు కుంకుమలు సమర్పించాడని మా లాల్‌దర్వాజాలో ఇప్పటికీ కథలా చెప్పుకుంటారు. అంత నష్టం చేసిన నదికి చీర పెట్టడం ఏమిటని మా పిల్లలు నవ్వుతారు. ఆడపడుచు కోపంగా ఉంటే చీర పెట్టి పంపరా, అట్లాంటిదే అని మా అత్తమ్మ సమాధానం. కానీ చీరతో ఊరుకోలేదు. అదీ గమనించాలి. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఆయన వాననీళ్ళ లెక్కలు తీసి, ఎగువన రెండు జలాశయాలు కట్టి వరదని అక్కడే పట్టి ఆపాలన్నాడు. 1912లో నగర అభివృద్ధి బోర్డు పెట్టారు. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. దండం పెట్టారు, కట్టా కట్టారు. ఊరు రెండు పనులూ చేసింది.

ఆ వరద బాధితుల సహాయంలో తిరిగిన ఆడవాళ్ళలో సరోజినీ నాయుడు ఒకరు. ఆ సేవకి బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకి కైసర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. అంటే ప్రభుత్వం చెప్పిన థాంక్స్ అన్న మాట. 1919లో జలియన్‌వాలాబాగ్ కాల్పుల తర్వాత ఆమె ఆ పతకాన్ని తిరిగి ఇచ్చేసింది. మీ మెప్పు మీ దగ్గరే పెట్టుకోండి, ముందు దీనికి లెక్క చెప్పండి అన్నట్టు. మా మరుదులు చేతులు జోడించినప్పుడల్లా నాకు ఆ పతకమే గుర్తొచ్చేది. ఆవిడతో పోల్చుకుంటున్నానని నవ్వకండి. మెప్పుని తిరిగి ఇవ్వడానికీ ఒక పద్ధతి ఉంటుందని తెలిసింది, అంతే.

సరే, అత్తమ్మ రేకుపెట్టె దగ్గరికి వద్దాం.

ఆమె నాలుగో తరగతి వరకు చదివింది. పద్దుల పుస్తకం పైన "శ్రీరామ", కింద నెల, ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. మామయ్య జీతం, పాలు, బియ్యం, గ్యాసుకి ముందు కిరసనాయిలు, పిల్లల ఫీజులు. చూస్తుంటే ఒక ఇంటి చరిత్ర అంతా ధరల్లో కనబడింది. అసలు సంగతి ప్రతి పుస్తకం చివరి పేజీల్లో ఉంది. పైన "చేబదుళ్ళు" అని రాసి, కింద ఆమెకు ఎవరెవరు ఏమిచ్చారో రాసుకుంది. "మూలమీది చాకలామె, గిన్నెడు చక్కెర." "కిరాణం సేటు, 40 రూ." "పక్కింటి పంతులమ్మ, పెద్దవాడికి జరం, రాత్రి దవాఖానకు తోడు." చివరిది చూసి ఆగిపోయాను. తోడు వచ్చిన రాత్రి కూడా చేబదులే! డబ్బుకీ, చక్కెరకీ, మనిషి తోడుకీ ఒకటే వరుస. తీర్చినవి ఒక గీతతో కొట్టేసి ఉన్నాయి. పంతులమ్మ గారి వరుస పక్కన "వాళ్ళ బిడ్డ పురుడుకు మూడు రాత్రులు" అని రాసి కొట్టేసింది.

అంతే కాదు. ఎదురు పేజీలో "రావలసినవి" ఉన్నాయి. ఎవరెవరు ఆమెకు బాకీ ఉన్నారో అదీ రాసుకుంది, మొహమాటం లేకుండా. "తమ్ముడు, నాయన కర్మకు నా వంతు నేనిచ్చిన, వాడియ్యలె." మామయ్య మీద కూడా ఒకటుంది, చెప్పను లెండి. మేలు మరిచిపోని మనిషి, తనకి రావలసినదాన్నీ మరిచిపోలేదు. నాకు ఇచ్చిన గులాబీ పుస్తకంలో ఈ రెండో పేజీ లేదు. లోపం అక్కడుందని అప్పుడు తెలిసింది.

ఇంకో విచిత్రం చూశాను. 1990 డిసెంబరు. ఆ నెల పాతబస్తీలో జరిగిన గొడవలు, కత్తిపోట్లు, రోజుల తరబడి కర్ఫ్యూ, మా వయసువాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ పుస్తకం చివర వణికిన అక్షరాలతో "కర్ఫ్యూ. ఎదురింటి బేగం, పాలపొడి డబ్బా 1" అని ఉంది. మా చిన్న మరిది అప్పుడు చంటివాడు. తర్వాత ఏడాది పుస్తకం తీశాను. చేబదుళ్ళ పేజీలో మొదటి వరుస, "ఎదురింటి బేగం, పాలపొడి డబ్బా 1." ఆ పై ఏడాదీ అదే. షావుకార్లు వెనకటి బాకీ కొత్త పుస్తకంలోకి ఎత్తిరాసినట్టు, ప్రతి పుస్తకంలోనూ మొదటి వరుసగా ఎత్తిరాస్తూ వచ్చింది. ఎక్కడా కొట్టేయలేదు. ఆ ఎదురింటి బేగంనే మేమంతా ఖాలా అంటాం. వాళ్ళు చాలా ఏళ్ళ కిందటే ఇల్లమ్మేసి టోలీచౌకి వెళ్ళిపోయారు.

అత్తమ్మకి మాట సరిగా వచ్చేది కాదు. పుస్తకం ఆమె మంచం దగ్గర పెట్టి వరుసలు చదివి వినిపించాను. చక్కెరకి నవ్వింది. సేటు నలభై రూపాయలకి చెయ్యి ఊపింది, ఇచ్చేసిన అన్నట్టు. పాలపొడి దగ్గర ఆపి, "ఎందుకు కొట్టెయ్యలేదు అత్తమ్మా, డబ్బా కొనియ్యలేదా?" అన్నాను. చాలాసేపు ప్రయత్నించి, "ఇచ్చిన... గని... అయిపోదు" అంది. డబ్బా తిరిగి ఇచ్చిందట. బాకీ మాత్రం అయిపోలేదట.

ఆ రాత్రి గులాబీ పుస్తకం తీసి, అచ్చువేసిన ఇంగ్లీషు వాక్యం మీద గీత కొట్టి, పేజీ మధ్యలో నిలువుగా ఇంకో గీత గీశాను. ఎడమవైపు చేబదుళ్ళు, కుడివైపు రావలసినవి. ఎడమవైపు పేర్లతో రాశాను. కుటుంబం, ఆరోగ్యం అని కాకుండా, ఎవరు, ఏమి, ఎప్పుడు. ఫిజియోథెరపీ అబ్బాయి ఫీజు తీసుకోకుండా అదనంగా ఇరవై నిమిషాలు. కింది వాటాలో అద్దెకున్న అమ్మాయి నేను స్నానం చేసివచ్చేదాకా అత్తమ్మ దగ్గర కూర్చోవడం. మా అమ్మాయి, ఈ పుస్తకం. కుడివైపు రాయడానికి చెయ్యి ఆడలేదు. మంచిదాన్ని కానేమో అన్న భయం. చివరికి రాశాను. పెద్ద మరిది, వారానికి ఒక రాత్రి. చిన్న మరిది, వారానికి ఒక రాత్రి. ఈయన, రెండు.

రాయడంతో ఆగితే అదీ మొక్కుబడే అవుతుంది కదా. ఆదివారం ముగ్గురూ ఉన్నప్పుడు పేజీ చదివి వినిపించాను. చిన్న మరిది మొహం ఎర్రబడింది. "వదినా, గింత లెక్కలేంది?" అన్నాడు. "లెక్కలు మీ అమ్మ నేర్పింది" అని రేకుపెట్టె చూపించాను. పాలపొడి వరుస చదివాక అతను ఇంకేమీ అనలేదు. ఆ డబ్బా పాలు తాగి పెరిగింది అతనే. బుధవారం రాత్రులు అతనివి అయ్యాయి. మొదట్లో పక్క మార్చడం రాక నన్ను లేపేవాడు. నెలకల్లా నేర్చుకున్నాడు. పెద్ద మరిది రాలేనని నర్సుకి డబ్బు పంపాడు, అదీ రెండు నెలలకోసారి గుర్తుచేస్తే. అన్నీ కొట్టేయగల వరుసలు కావు.

ఇప్పుడు రోజూ రాయను. శుక్రవారం రాత్రి ఇల్లు కడిగాక కూర్చుంటాను. కొన్ని వారాలు ఎడమవైపు నిండిపోతుంది, కొన్ని వారాలు కుడివైపే. నిండని పక్కని బలవంతంగా నింపను. మీలో ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే కొత్త పుస్తకం కొనకండి, పాల లెక్క రాసుకునే క్యాలెండర్ వెనకవైపు చాలు. మా అమ్మ జీవితమంతా దానిమీదే రాసింది, గ్యాసు బండ వచ్చిన తారీఖు పక్కనే నా నెలసరి తప్పిన తారీఖు కూడా.

అత్తమ్మ నిరుడు కార్తీకంలో పోయింది. పన్నెండో రోజు కాగానే ఖాలా ఫోన్ నెంబర్ సంపాదించి మాట్లాడాను. ఎనభై దాటాయి ఆమెకి. చాలాసేపు ఏడ్చింది. అప్పుడు పాలపొడి సంగతి చెప్పాను, ఇన్నేళ్ళూ పుస్తకం నుంచి పుస్తకానికి ఎత్తిరాసిందని.

"పాలపొడా? నాకు యాదికి లేదు బేటా" అంది. కాసేపు ఆగి, "గని మీ అత్తమ్మ స్టీలు టిఫిన్ డబ్బా నా తాన్నే ఉంది. మా పెద్దబిడ్డ షాదీల గల్లీల నీళ్ళు నిలిస్తే మీ ఇంట్లనే వంట చేసినం. గప్పుడు బగారన్నం పెట్టి పంపింది గందుల. ఖాలీ డబ్బా ఎట్ల తిరిగిస్తమని ఉంచిన. గట్లనే ఉండిపాయె. మూతమీద పేరు కూడా ఉంది."

ఆదివారం వచ్చి తీసుకుంటానన్నాను.

"నక్కో, నువ్వు తీసుకపోతే ఎట్ల? రా. వచ్చినంక ఖుబానీ కా మీఠా చేస్త. అండ్ల పెట్టిస్త."